హెడ్డు మీద చెయ్యి

మా అన్నయ్య మా ఆయన పీక పట్టుకున్నప్పుడు నేను ముందు మా ఆయన్నే కొట్టాను. ఆయన దగ్గరగా దొరికాడు. పైగా పీక అవతలివాడి చేతిలో ఉన్నా నోరు మూయడే! "చంపు బావా, చంపు, నన్ను చంపితే నీ హెడ్డు చల్లబడుతుందా?" అంటున్నాడు, కళ్లు బైటికొస్తున్నా సరే. నా చేతిలో రబ్బరు సుత్తి ఉంది. ఆయన భుజం మీద ఒక్కటిచ్చాను, తర్వాత అన్నయ్య మోచేతి మీద ఇంకోటిచ్చాను. ఇద్దరూ విడిపోయారు, ఊపిరి పీల్చుకున్నారు, మళ్లీ కలబడ్డారు.

"బావా, నీ పళ్లు రాలగొడతా!"

"రా బావా, రా, చూద్దాం!"

చెల్లెలి మొగుడు వాడికి బావ, పెళ్లాం అన్న ఈయనకి బావ. ఒకరినొకరు అంత వరసపెట్టి పిలుచుకుంటూ ఒకరి చొక్కా ఒకరు చించుకున్నారు. చుట్టూ చేరినవాళ్లు నవ్వాలో ఆపాలో తెలీక నిలబడ్డారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అంతకు కాసేపటి ముందే ఒక ఇనప ముక్క నా చెవి పక్కనుంచి రివ్వున పోయి వెనకాల నిలబెట్టిన తలుపులో దిగబడింది. నేను అటూ ఇటూ ఓ బెత్తెడు కదిలి ఉంటే ఈ కథ చెప్పడానికి ఇంకెవర్నైనా వెతుక్కోవాల్సి వచ్చేది.

జరిగిందేంటో చెప్తాను. మేం ముగ్గురం తలుపులు తయారుచేసే కార్ఖానాలో పనిచేస్తాం. అన్నయ్య రూటర్ మిషను ఆపరేటరు. మా ఆయన ఫిట్టరు, మిషన్లు విప్పడం, బిగించడం, గ్రీజు పెట్టడం ఆయన పని. నేను తలుపులకి తాళాలు కూర్చోబెడతాను. రూటర్ అంటే మంచమంత బల్ల, దాని మీద కంప్యూటర్ చెప్పినట్టు తిరిగే కట్టరు. ఆ కట్టరు పైనుంచి కిందికే దిగుతుంది. తాళమేమో తలుపు అంచులో కూర్చోవాలి, దానికి గాడి పక్కనుంచి తీయాలి. అందుకని కట్టరుని అడ్డంగా తిప్పడానికి మిషనుకి ఒక హెడ్డు తగిలిస్తారు. రెండు పిడికిళ్లంత ఇనప డబ్బా అది. లోపల పళ్ల చక్రాలు, బేరింగులు, కాస్త గ్రీజు, అంతే. లోపలికి గాలాడదు. తిరిగేకొద్దీ వేడెక్కుతుంది. కాసేపు పరిగెత్తించి కాసేపు పడుకోబెట్టాలి. పడుకోబెట్టకపోతే గ్రీజు నీళ్లలా కారిపోతుంది, బేరింగులు ఎండిపోతాయి, ఆఖరికి కరకరమని కొరుక్కుని ఉన్నట్టుండి పట్టేస్తుంది. తిరిగేది తిరుగుతూ ఉండగా పట్టేస్తే కట్టరు ఊరుకుంటుందా? విరిగి ఎగిరింది. అదీ నా చెవి కథ.

అలా పోవడం అది రెండోసారి. ఆ మధ్యే ఒక హెడ్డు పోతే కొత్తది తెచ్చారు, ఇప్పుడు అదీ పోయింది.

ఓనరు పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి మనిషి ఒంట్లోంచి రక్తం కారినా ఫరవాలేదు గానీ మిషను ఆగితే పైప్రాణాలు పైనే పోతాయి. "ఆపండ్రా!" అని అరిచాడు. ఎవరూ ఆపలేదు. అప్పుడు గాలి గొట్టం తీసుకుని ఇద్దరి మొహాల మీదా ఊదాడు. కళ్లనిండా పొట్టు పడ్డాక విడిపోయారు.

"మూడోది పెడుతున్నాను. అదే ఆఖరిది," అన్నాడు ఓనరు. "అదీ కాలిపోతే ఇద్దరిలో ఒకరు ఇంటికి. ఎవరనేది మీరే తేల్చుకోండి. నాకైతే తెలిసిపోయింది. ఇంతమంది చూస్తూనే ఉన్నారు, ఆపరేటరు ప్రతి తలుపుకీ హెడ్డు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. మరి తప్పెవరిది?"

అంటూ మా ఆయన వంక చూశాడు. అందరూ అటే చూశారు.

ఆ చెయ్యి పెట్టడం గురించి కూడా చెప్పాలి. మా దగ్గర హెడ్డు వేడి చూసేది ఏ యంత్రమూ కాదు, అన్నయ్య అరచెయ్యి. ఒక తలుపు అయ్యాక మిషను ఆగుతుంది. వాడు మిషను ముందు వేలాడే తెర తీసి, హెడ్డు మీద అరచెయ్యి ఆనిస్తాడు. చెయ్యి హాయిగా ఆనితే ఇంకో తలుపు పెట్టండంటాడు. చుర్రుమంటే "పడుకోనివ్వండి" అని వెళ్లి కూర్చుంటాడు. ఓనరు తల గోడకేసి కొట్టుకున్నా లేవడు. ఇంకెవరైనా ముట్టుకుంటే మాత్రం చావే. మొదట్లో అందరూ ముట్టుకుని తలో మాట చెప్పేవాళ్లు, ఆ గోలలో ఎవడూ ఎవడి మాటా వినేవాడు కాదు. అప్పుడు అన్నయ్య, ఈ హెడ్డు మీద ఒక్క చెయ్యే ఉండాలని తేల్చేశాడు. ఆ తర్వాత తలుపులు ఎక్కించేవాడొకడు సరదాకి ముట్టుకుంటే వాడి మణికట్టు మెలితిప్పేశాడు, పాపం వాడు వారం రోజులు ఎడం చేత్తో తిన్నాడు. అప్పట్నుంచి కార్ఖానాలో అన్నయ్య పేరు జ్వరం డాక్టరు.

"డాక్టరుగారూ, ఇవాళ పేషెంటెలా ఉన్నాడు?"

"లంఖణాలు పెట్టాలి. పడుకోనివ్వండి."

పాత రోజుల్లో అలా ఉండేది. ఈమధ్య మాత్రం, "ఈ కొత్త హెడ్లు బంగారమే, వీటికి జ్వరమే రాదు," అనడం మొదలెట్టాడు. ఓనరు మురిసిపోయాడు. తలుపులు చకచకా దిగుతున్నాయి. నేను కూడా మురిసిపోయాను, నా అన్న కదా.

ఆ సాయంత్రం మా ఆయన పోయిన హెడ్డుని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. అన్నం తినే బల్ల మీద పాత గుడ్డ పరిచి విప్పడం మొదలెట్టాడు. మెడ మీద అన్నయ్య వేళ్ల గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. "అక్కడ అన్నం తినాలి మనం," అన్నాను. వినిపించుకోలేదు. మూత తీయగానే మాడిన వాసన గుప్పుమంది. లోపల గ్రీజు లేదు, నల్లగా గట్టిపడిన పొక్కేదో ఉంది. బేరింగు గుండ్లు వేడికి నీలం రంగుకి తిరిగాయి.

"చూడు," అన్నాడు. "నా వల్ల అయ్యిందంతా చేశాను. గ్రీజు ఎక్కువైనా వేడే, తక్కువైనా వేడే. చెప్పినంతే పెట్టాను, ఒక్క చుక్క తేడా లేదు. పొద్దున్నే ఒకేసారి పరిగెత్తించకుండా మెల్లగా తిప్పి గ్రీజు అంతటా పాకనిచ్చాను. మొద్దుబారిన కట్టరు ఒక్కటి కూడా ఉండనివ్వలేదు. గాలి గొట్టంతో సీలు సందులోకి ఊదితే పొట్టంతా లోపలికే పోతుందని అందరితో గొడవపడ్డాను. ఇంక మిగిలింది ఒక్కటే, ఆపడం. అది నా పని కాదు, మీ అన్నయ్య పని. ఆయన ఆపట్లేదు."

"చెయ్యి పెట్టి చూస్తున్నాడుగా! నా కళ్లతో నేను చూస్తున్నా!"

"చూసి అబద్ధం చెప్తున్నాడు. ఓనరు దగ్గర మంచి అనిపించుకోడానికి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మా అన్నయ్యకి సవాలక్ష రోగాలున్నాయి గానీ అబద్ధం రోగం లేదు. ఇంకోసారి ఆ మాటన్నావో, ఆ బేరింగు గుండ్లు మింగిస్తా."

ఆయన సంచిలోంచి కొత్త అట్టపెట్టె ఒకటి తీశాడు. అందులో పిస్తోలు లాంటిదుంది. దూరం నుంచి గురిపెడితే వేడెంతో అంకెల్లో చూపిస్తుందట. నా నుదుటికి గురిపెట్టి, "ఇదిగో, నీ బుర్ర ఎంత కాలుతోందో కూడా చెప్తుంది," అన్నాడు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

సరిగ్గా అప్పుడే అన్నయ్య దిగాడు. వాడు పై వాటాలో ఉంటాడు. వదిన పోయాక ఒక్కడే. అన్నం మాతోనే. ఎంత కొట్టుకున్నా అన్నానికి దిగుతాడు, అది వాడి గొప్పతనమో సిగ్గులేనితనమో నాకు ఇప్పటికీ తెలీదు. బల్ల మీద హెడ్డుని చూశాడు. మా ఆయన చేతిలో గన్ను చూశాడు.

"ఏంటది?"

"రేపట్నుంచి ఇది చెప్తుంది బావా, ఎప్పుడు ఆపాలో."

"అంటే నా చెయ్యి చెప్పేది అబద్ధమా?"

"నీ చెయ్యి సంగతి నాకు తెలీదు. గ్రీజు అబద్ధం చెప్పదు. ఇదిగో, వాసన చూడు!"

అని ఆ మాడిన మూతని అన్నయ్య ముక్కు దగ్గర పెట్టాడు. అంతే. అన్నయ్య గన్ను లాక్కుని నేలకేసి కొట్టి మడమతో తొక్కాడు. పటపటమని ముక్కలైంది. మా ఆయన తలతో వాడి మొహమ్మీద ఒక్క గుద్దు గుద్దాడు. ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. ఇద్దరూ బల్ల మీద పడ్డారు, బల్ల విరిగింది, బేరింగు గుండ్లు ఇల్లంతా దొర్లాయి. "చచ్చిపోతార్రా, ఇద్దరూ చచ్చిపోతారు!" అని నేను గొంతు చించుకుంటున్నాను. అన్నయ్య లేచాడు. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు సలసలా కాగుతున్నాయి. చెవుల్లేని గిన్నె అది, నేనెప్పుడూ మసిగుడ్డ లేకుండా ముట్టుకోను. వాడు రెండు చేతుల్తో దాన్ని అలాగే ఎత్తాడు. ఎత్తి మా ఆయన మీదికి విసిరాడు.

మా ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మెడా భుజమూ కాలిపోయాయి. నేను గిన్నె మూత తీసుకుని అన్నయ్య నెత్తి మీద వంగిపోయేదాకా బాదాను. వంగింది మూతే లెండి, వాడి నెత్తి కాదు. వాడు మెట్లెక్కి వెళ్లిపోయాడు. వీధి చివర డాక్టరు దగ్గర మా ఆయనకి మందు రాయించి తీసుకొచ్చేసరికి నాకు ఏడుపు కూడా ఎండిపోయింది.

పొద్దున్నే మెట్లెక్కాను, తాడోపేడో తేల్చుకుందామని. నోటినిండా తిట్లు సిద్ధంగా ఉన్నాయి. అన్నయ్య మంచమ్మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. ముక్కు వాచి వంకాయలా ఉంది. నేను నోరు తెరిచేలోపే వాడే మొదలెట్టాడు.

"ఇదేంటో చూడవే. రాత్రి ఏదో పురుగు పాకినట్టుంది."

రెండు అరచేతులూ చాపాడు. నిండా బొబ్బలు. వేళ్ల కణుపుల దగ్గర కొన్ని చితికి, తోలు వేలాడుతోంది.

"పురుగేంటి? గిన్నె!" అన్నాను.

"ఏ గిన్నె?"

నేను ఎగతాళి అనుకున్నాను. వాడి మొహం చూస్తే ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. మనిషి కోపంలో ఉంటే ఆ క్షణానికి వేడి తెలియదు, ఒప్పుకుంటాను. కోపం దిగాక తెలియాలిగా! రాత్రంతా నిప్పులా మండాలిగా! మా ఆయన కింద రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడు. వీడు హాయిగా నిద్రపోయి లేచి, పురుగు పాకిందంటున్నాడు.

పక్కన కూర్చుని వాడి చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. "మందు రాస్తానుండు," అన్నాను. వాడు కిటికీ వైపు తిరిగి మా ఆయన్ని తిట్టడం మొదలెట్టాడు. గ్రీజు పెట్టడం రాదు, హెడ్డు బిగించడం రాదు, పెళ్లిచూపుల్లోనే వద్దన్నాను, నువ్వే ఎగబడ్డావు. నేను నా జాకెట్టుకున్న పిన్నీసు తీసి, బొబ్బ లేనిచోట, బొటనవేలి కింద కండలో గుచ్చాను. వాడు తిడుతూనే ఉన్నాడు. ఇంకాస్త లోపలికి గుచ్చాను. రక్తం చుక్క పైకొచ్చింది. "వాడికి పిల్లనిచ్చిన నన్ను చెప్పుతో కొట్టాలి," అంటున్నాడు. రెండో చెయ్యి తీసుకున్నాను. అదీ అంతే.

వాడికి చాలా ఏళ్లుగా షుగరు. "నాది లైటు షుగర్లే," అంటూ ఉంటాడు. వదిన ఉన్నప్పుడు తిట్టి తిట్టి మాత్రలు మింగించేది. ఆవిడ పోయాక వాడు ఏం మింగుతున్నాడో ఏం మానేశాడో నేనెప్పుడైనా అడిగానా? లేదు.

"ఏంటే, ఏడుస్తున్నావు?" అన్నాడు ఇటు తిరిగి. అప్పుడు చూశాడు, తన అరచేతిలో నిలబడి ఉన్న పిన్నీసుని.

ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"అన్నయ్యా," అన్నాను, "షుగరుతో నీ చేతులకి స్పర్శ పోయింది. హెడ్డు చల్లగా లేదు. నీకు తెలియట్లేదు, అంతే. ఆయన తప్పు కాదు, నీ తప్పూ కాదు. డాక్టరు దగ్గరికి పోదాం పద."

వాడు పిన్నీసు పీకి పారేశాడు. మెల్లగా లేచాడు. లేచి నా చెంప మీద కొట్టాడు. చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగినవాడే, నా పలకలు పగలగొట్టినవాడే, కానీ చెంప మీద కొట్టడం అదే మొదటిసారి. నేను గోడకి గుద్దుకుని కూలబడ్డాను. నోట్లో ఉప్పగా తగిలింది.

"నీ మొగుడు నేర్పి పంపించాడా?" అని అరిచాడు. "వాడి ఉద్యోగం నిలబెట్టుకోడానికి నా చెయ్యి విరగ్గొడతారా? రా, వచ్చి చూడు! ఇవాళ అందరి ముందూ పెట్టి చూపిస్తా, నా చెయ్యేంటో!"

దడదడా మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను అక్కడే నేల మీద ఉండిపోయాను. చెప్తే అన్నయ్య పోతాడు. ఆ మిషను తప్ప వాడికి ఈ లోకంలో ఏముంది? పెళ్లాం లేదు, పిల్లల్లేరు, జ్వరం డాక్టరనే పేరు తప్ప. చెప్పకపోతే మా ఆయన పోతాడు, చేతగాని ఫిట్టరని పేరు మోసుకుని. ఆ పేరుతో బైటికి పోతే ఇంకెవడూ పని ఇవ్వడు. ఏం పాపం చేశానో, రెండు వైపులా నావాళ్లే. నోట్లో రక్తం ఉమ్మేసి కార్ఖానాకి పరిగెత్తాను.

నేను వెళ్లేసరికి మూడో హెడ్డు తిరుగుతోంది. ఓనరు టీ గ్లాసు పట్టుకుని మిషను పక్కనే నిలబడ్డాడు. మా ఆయన మెడకి కట్టుతో దూరంగా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. నా చెంప చూశాడు. నేను నా బల్ల దగ్గరికెళ్లి తాళం చేతిలోకి తీసుకున్నాను.

ఒక తలుపు అయింది. అన్నయ్య తెర తీసి చెయ్యి పెట్టాడు. "చల్లగా ఉంది!" అన్నాడు, నాకు వినపడేట్టు. ఇంకో తలుపు అయింది. "చల్లగా ఉంది!" ఓనరు తలూపాడు. "డాక్టరుగారి మాటే మాట."

మిషనులోంచి వచ్చిన తలుపు నా బల్ల మీదికొచ్చింది. గాడి అంచులు నల్లగా మాడి ఉన్నాయి. వేలు పెడితే మసి అంటింది. నోరు తెరిచాను. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నా నోరు నాకు ఎదురుతిరగడం అదే మొదలు. వీధిలో నా గొంతు వింటే కుక్కలు దారిస్తాయి, అలాంటిదాన్ని, తాళం చేత్తో పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. వాడి పరువు అందరి ముందూ నా నోటితో తీయడానికి ప్రాణం ఒప్పలేదు.

"బావా, వాసనొస్తోంది, ఆపు," అన్నాడు మా ఆయన.

"నువ్వు నోర్ముయ్," అన్నాడు ఓనరు.

అన్నయ్య ఇంకో తలుపు ఎక్కించాడు. హెడ్డు సన్నగా ఈల వేసేది కాస్తా గీపెట్టడం మొదలెట్టింది. నా పళ్లు జివ్వుమన్నాయి. దాని మీది రంగు బుడగలు తేలడం తెర సందులోంచి నాకు నా బల్ల దగ్గరికే కనిపిస్తోంది. తలుపు అయింది. మిషను ఆగింది. అన్నయ్య తెర తీశాడు. హెడ్డు మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించి ఈసారి తీయలేదు. నా కళ్లల్లోకి చూస్తూ అలాగే నొక్కిపెట్టాడు.

"చూడవే," అన్నాడు. "చల్లగా ఉంది."

చుంయ్‌మని చప్పుడైంది. బొబ్బల నీళ్లు ఆవిరైన చప్పుడది. వేళ్ల సందుల్లోంచి సన్నటి పొగ లేచింది. ఓనరు చేతిలో గ్లాసు కింద పడింది.

"చల్లగానే ఉంది," అన్నాడు అన్నయ్య మళ్లీ. ఈసారి గొంతు చిన్నదైపోయింది. వాడికీ వాసన తగిలింది. అది గ్రీజు వాసన కాదు.

"అన్నయ్యా! తియ్యి! నీ చెయ్యి కాలిపోతోందిరా!" అని నేను బల్ల మీద నుంచే దూకాను. మా ఆయన నాకంటే ముందే వెళ్లాడు. వెనకనుంచి వాడి నడుం పట్టుకుని లాగాడు, నేను మణికట్టు పట్టి గుంజాను. చెయ్యి ఊడొచ్చింది. అరచేతి తోలు హెడ్డుకే అంటుకుపోయింది.

వాడు తన చేతిని మొహం దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి దొరికినట్టు అటూ ఇటూ తిప్పాడు. ఒక్క అరుపు లేదు. తర్వాత మిషను పక్కనున్న పెద్ద స్పానరు ఎడం చేత్తో అందుకున్నాడు. కాలిన చేతిని ఇనప బల్ల మీద పెట్టాడు. కొట్టాడు.

"రావే," అన్నాడు. మళ్లీ కొట్టాడు. "రావే, రా!"

ఎవర్ని పిలుస్తున్నాడో మొదట అర్థం కాలేదు. నొప్పిని పిలుస్తున్నాడు. ఎముక ఫట్‌మన్న చప్పుడు అందరికీ వినిపించింది. చిటికెనవేలు పక్కకి తిరిగిపోయింది. ఒకడు అక్కడే వాంతి చేసుకున్నాడు. మా ఆయన మీదపడి వాడిని వాటేసుకున్నాడు. ఎత్తిన స్పానరు దిగి మా ఆయన నోటికి తగిలింది. ముందు పన్ను ఊడి నేల మీద పడింది. అయినా వదల్లేదు. ఇద్దరూ పొట్టులో దొర్లారు. స్పానరు జారిపోయేదాకా నేను అన్నయ్య వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశాను. "చాల్లే బావా, చాల్లే," అంటున్నాడు మా ఆయన, నోటినిండా రక్తంతో.

అంతా సద్దుమణిగింది. అన్నయ్య నేల మీద కూర్చున్నాడు. ఎవరో గుడ్డ తెచ్చి చెయ్యి చుట్టారు. ఇంకెవరో బండి కోసం పరిగెత్తారు. ఓనరుకి అప్పుడు నోరొచ్చింది.

"అంటే ఇన్నాళ్లూ... చేతికి ఏమీ తెలియకుండానే..." అని హెడ్డు వంక చూశాడు, అన్నయ్య వంక చూశాడు. "సరే. ఫిట్టరు తప్పు లేదన్నమాట. నువ్వే ఉండు. పొద్దున అడిగావే, ఆ గన్నో గిన్నో, ఏది కావాలంటే అది తెచ్చుకో. ఈయన్ని ఇంక మిషను దగ్గరికి రానివ్వకండి."

మా ఆయన నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు. ఊడిన పన్ను సందులోంచి ఊపిరి బైటికొచ్చినంత. పాపం ఎన్నాళ్లు దోషిలా తిరిగాడు, ఎన్ని మాటలు పడ్డాడు. గుండెల మీంచి బరువు దిగింది, నవ్వొచ్చింది. నాకు అంతా తెలుసు. తెలిసీ కొట్టాను. చెంప మీద, కట్టు కట్టిన మెడ మీద, రక్తం కారే నోటి మీద, ఎక్కడ తగిలితే అక్కడ. "నవ్వుతావా? మా అన్నని చూసి నవ్వుతావా?" అని అరుస్తూ కొట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆపడానికి వచ్చినవాళ్లని కూడా కొట్టాను.

వెనకనుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. అన్నయ్య. ఎప్పుడు లేచాడో లేచి, మిగిలిన ఎడం చేత్తో పట్టుకున్నాడు.

"వదిలెయ్యవే," అన్నాడు. "బావదేం తప్పులేదు. మొదట్నుంచీ బావ చెప్పిందే నిజం."

చితికిన బొబ్బల తడి నా చేతికి అంటింది. వాడి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. నా ఎముకలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి. వేళ్ల చివర్లు తెల్లబడి, తర్వాత నీలంగా మారాయి. ప్రాణం పోతోంది. వాడు మాత్రం నా చెయ్యి మెత్తగా పట్టుకున్నాననే అనుకుంటున్నాడు. మొహం చూస్తే తెలుస్తోంది, బుజ్జగిస్తున్నవాడి మొహం అది. నా కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారిపోయాయి.

వాడు నా కళ్లు చూశాడు. కిందికి నా చెయ్యి వంక చూశాడు. తన వేళ్ల వంక చూశాడు.

"గట్టిగా పట్టుకున్నానా?" అని అడిగాడు.

"లేదన్నయ్యా," అన్నాను.